తీగెకు గుచ్చిన మాటలు

"అత్తమ్మా, మూడువేల ఇంగ్లీషు మాటలు నేర్చుకున్న. ఫోన్ల లెక్క గూడ చూపిస్తాంది. మరి స్టేజీ ఎక్కితే ఒక్కటన్న నోటికి రాదేంది?"

మూడువేలా? సంతోషం బిడ్డా. గని ఒక్కటడుగుత, సూటిగ చెప్పు శ్రావణీ. గా మూడువేలల్ల నీయి ఎన్ని? అట్ల గుడ్లు మిటకరించకు. నీకు అక్కెరపడి నువ్వు పిల్సుకున్నయి ఎన్ని, ఆ ఫోను పంపిస్తె వచ్చి ఊకె కూసున్నయి ఎన్ని? ఫోను ఎందుకు తిప్పుతున్నవు? నాకు తెల్సు. నేను గిట్లనే సప్పుడు లేకుంట నిలబడ్డదాన్నే, నీ ఈడున. నిండు హాలుల. ఫోను జర దూరం పెట్టు. రికార్డు అయితాందా? కానియ్యి. రేపు నువ్వు ఎట్లనో అట్ల దీన్ని రాసుకుంటవు, నీ ఇష్టం.

నేను డిగ్రీ సదివింది నల్లగొండల. ఎనభైల సగం దాటినయనుకో. పొద్దుగాల కేతేపల్లిల బస్సెక్కి నకిరేకల్ల దిగేది, ఆడ నల్లగొండ బస్సు పట్టేది. సీటు దొరికిన దినం పండుగ. నకిరేకల్ బస్టాండుల చాయ్ ఆఠాణా, అంటే యాభై పైసలు. గది తాగుదామన్నా బస్సు పోతదేమోనని బుగులు. మీ తాత, అంటే మా బాపు, చేనుకాడికి పోయెటప్పుడు నన్ను రోడ్డు దాంక తోలుకచ్చి, బస్సు కనబడంగనే "పో బిడ్డా, వాదించుడు తక్కువ చెయ్యి, సదువుడు ఎక్కువ చెయ్యి" అంటుండె. ఎందుకన్నడంటె, నా నోటికి గట్ల పేరు ఉండె మరి. తెలుగుల వ్యక్తృత్వం... కాదు, వక్తృత్వం, ఆ పోటీలంటె నాదే మొదటి బహుమతి. నేను మాట్లాడుతుంటె ఎదుటి పక్కోళ్లు నీళ్లు నమిలేది. స్టూడెంటు మీటింగులల్ల మైకు దొరికితే ఇడ్సకపోదును.

గని కాలేజీల ఇంకో డిబేటు ఉండె. ఇంగ్లీషు డిబేటు. దాంట్ల గెల్సినోళ్లను వేరే జిల్లాలకు తోలిచ్చేది, పెద్దపెద్ద కాలేజీల ముంగట నిలబెట్టేది. గా లిస్టుల తెలుగు మీడియమోళ్ల పేరు ఒక్కటుండకపోయేది. ఎప్పుడు గూడ. నాకు ఒళ్లు మండింది. పోయి ఇంగ్లీషు సారునే అడిగిన. "సారూ, మా నోర్లు ఏమన్న కుట్టేసి ఉన్నయా? మా పేర్లెందుకు రాయరు?" స్టాఫ్ రూముల అందరు తలకాయలు లేపి చూసిండ్రు. సారు కళ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. పట్నం మనిషి, మంచోడే గని మాట జర పుల్లగుండేది. "అమ్మా సుగుణా, మూడు నెలలల్ల కాలేజి డిబేటు ఉంది. ఐదు నిమిషాలు ఒక్క తెలుగు ముక్క లేకుంట మాట్లాడు. మాట్లాడినవనుకో, నువ్వడిగిన పేర్లన్ని నేనే రాస్త" అన్నడు.

నేను ఊకుంటనా? "మాట మీద ఉండుండ్రి సారూ" అని వచ్చిన.

వచ్చి ఏం జేసిన చెప్పు? నువ్వు చేసిందే. మా పెద్దన్నతోని పట్నంల కోఠి ఫుట్‌పాతు మీద పాత డిక్షనరీ తెప్పిచ్చిన. అట్ట ఊడిపోయింది, మీద ఎవరిదో పేరు కొట్టేసి ఉండె. 'ఏ' కాడికెల్లి షురూ చేసిన. దినానికి పది మాటలు. అన్నీ కాదు, పొడుగ్గ, కష్టంగ కనబడ్డయి ఏరుకున్న. చిన్నచిన్నయి ఎవలకన్న వస్తయి, పెద్దయి వస్తేనే సారు నోరు మూతపడ్తదని నా లెక్క. చిన్నయి నాకు రావన్న సంగతి నాకే తెల్వది! బర్రెకు కుడితి పెట్టుకుంట ఒకటి, బట్టలు పిండుకుంట ఒకటి. మా అవ్వ, అంటే మీ నాయినమ్మ, అంటుండె, "ఏం మంత్రాలే అవి, వానొస్తదా వాటితోని?" అని. మూడు నెలలల్ల తొమ్మిదివందల మాటలైనయి. అక్షరమేమో 'సీ' దాటలే.

ఇగ ఆ దినం. అంశం, "పల్లెలకు ముందుగాల ఏం గావాలె" అని. నేను నీళ్లు అన్న. మన జిల్ల నీళ్ల ముచ్చట నీకు తెల్వంది కాదు. తాగితే కాళ్ల బొక్కలు వంకర్లు పోయే ఫ్లోరైడు నీళ్లు, అవి గూడ రెండు మైళ్లు నడిస్తేనే. తెలుగుల అయితే నేను ఆ హాలును ఏడ్పిద్దును. ఇంగ్లీషుల షురూ చేసిన. అబండన్స్ అన్న, అక్విడక్ట్ అన్న, బెనెవలెంట్ అన్న. నేర్సుకున్నయన్ని వరుసకు కుమ్మరిస్తున్న. వెనక బెంచీల ఎవడో పోరగాడు పట్టేసిండు. "అన్నీ ఏ, బీ, సీలే ఉన్నయిరా! అక్కా, డీ బస్సు ఎప్పుడొస్తది?" అని కేకేసిండు. హాలంత నవ్వు. నవ్వితే నవ్వనియ్యి, నేను నవ్వులకు ఆగే రకం కాదు. నేను ఆగింది వేరే కాడ. మా ఊరి ముసలామె ఎండల బిందె నెత్తిన పెట్టుకొని నడుస్తాంది, ఆమెకు నాలుకెండి దూపయితాంది, నెత్తి మీద నీళ్లే ఉన్నయి గని ఇంటి దాంక ముట్టది, పిల్లలకని. గది చెప్పాలె. దూప. దూప అన్న ముక్క ఇంగ్లీషుల నాకు తెల్వది.

చూడు బిడ్డా. తొమ్మిదివందల మాటలు నేర్సిన, నల్లగొండ జిల్లల పుట్టిన, దూప అన్న మాట రాలే.

నోరు తెర్సుకొని నిలబడ్డ. సారు మెల్లగ "చాలమ్మా, వచ్చి కూసో" అన్నడు. గా మెల్లగ అన్నదే నన్ను కోసింది. తిట్టినా బాగుండు. బయటికొచ్చినంక అన్నడు, "సుగుణా, వచ్చే ఏడు ఇంకోసారి చూద్దాం. అప్పుడు గూడ గిట్లనే అయితే తెలుగు మీడియం పేర్లు అడగడానికి నా కాడికి ఎవరు రావద్దు." అర్థమైందా? నా ఒక్కదాని ముచ్చట కాదు గది. నన్ను చూసి ముగ్గురు జూనియర్లు పేర్లిచ్చి ఉండిరి. నేను పడితే వాళ్లు గూడ పడ్డట్టే.

రెండు దినాలు కాలేజికి పోలే. మూడో దినం నకిరేకల్ల దిగి, నల్లగొండ బస్సు ఎక్కక, రజియా వాళ్ల దుకాణంల పోయి కూసున్న. రజియా నా క్లాసుమేటు, నకిరేకల్ల ఎక్కి నా పక్కన కూసుండేది. నా సోపతి. వాళ్ల నాయిన దర్జీ. నేను చాచా అంటుంటి. డిక్షనరీ ఆ బల్ల మీద ఇసిరేసి, "రజియా, దీన్ని ఎవలకన్న ఇచ్చెయ్యే" అన్న.

చాచా ఎవరిదో అంగీ కత్తిరిస్తుండు. తల లేపలే. "బేటీ, గా బుక్కుల ఎన్ని మాటలు నేర్చినవ్?"

"తొమ్మిదివందలు చాచా."

"ఎవల కోసం?"

గదేం ప్రశ్న అనుకున్న. చాచా కత్తెర పక్కకు పెట్టిండు. "తొమ్మిదివందల అంగీలు కుట్టినవు, ఒక్క మనిషి కొలత తీస్కోలే. ఎవలు తొడుక్కుంటరు బేటీ?"

దెబ్బ తగిలినట్టు అయింది. రజియా ఊకుంటదా, అది నాకన్న గట్టి నోరు. "నాకు తెలుగెట్ల వచ్చిందనుకున్నవే? ఇంట్ల అందరం ఉర్దూ. డిక్షనరీ చూసి నేర్చిన్నా? గుండీ ఊడిందని ఒకామె వచ్చింది, చంక కాడ పట్టిందని ఒకామె వచ్చింది, జాకెట్టు పాడుచేసినవని ఒకామె కొట్లాటకొచ్చింది. వాళ్లకు జవాబు చెప్పాలె గద! జవాబుకు ఏ మాట గావాల్నో గదే నేర్చిన" అన్నది.

చాచా దుకాణంల ఒక పద్ధతి ఉండె. గోడకు ఈ మూల నుంచి ఆ మూలకు ఒక ఇనుప తీగె. ఎవరన్న బట్ట ఇచ్చిండ్రనుకో, కొలతలు చిన్న చీటి మీద రాసేది, మీద మనిషి పేరు, దానికి గా బట్టదే చిన్న ముక్క పిన్నుతోని పెట్టేది, తీగెకు గుచ్చేది. కుట్టుడు అయినంత మాత్రాన చీటి దిగదు. మనిషి వచ్చి, తొడుక్కొని, చేతులు పైకి లేపి కిందికి దించి, బాగుంది అన్నంకనే చీటి దిగేది. గది చూసుకుంటనే రజియా అన్నది, "మాటలకు గూడ చీటీలు రాద్దాం, నడువ్."

గా దినమే మొదలుపెట్టినం. ఇంగ్లీషు కాడికెల్లి కాదు, మన కాడికెల్లి. తెలుగుల అనబోయి ఇంగ్లీషుల అనలేకపోయిన మాట ఏదైతే ఉందో, గది చీటి మీద పైన. దాని కింద, ఎవలతోని అనాలెనో వాళ్ల పేరు. ఆ మనిషి పేరు లేని చీటి తీగెకు ఎక్కదు. ఆ మనిషితోని ఇంగ్లీషుల అన్నంకనే తీగె మీదికెల్లి దిగుతది. రజియా తన పాత కమీజు కత్తిరించి చిన్నచిన్న పచ్చ ముక్కలు చేసింది, ఒక్కో చీటికి ఒకటి. "చీటి అందంగుంటే మాట గుర్తుంటది" అన్నది. నిజమే, ఇప్పటికీ పచ్చరంగు చూస్తే నాకు మాటలు యాదికొస్తయి.

మొట్టమొదటి చీటి ఏం రాసిననో చెప్పక్కర లేదు గద. దూప. గని కింద మనిషి పేరు? ఎవలతోని అంటం? రజియా పెన్ను గుంజుకొని, తన పేరే రాసింది. "నీకు దూపయినప్పుడు నాతోని అను" అన్నది. నాకేమో సిగ్గు. తరువాత ఆ మాట తెలిసినా, రజియా ముంగట నా నోటికి రాలే. గా చీటి తీగె మీద గట్లనే ఉండిపోయింది, నెలలకు నెలలు.

మిగిలినయి మాత్రం దిగుడే దిగుడు. బస్సుల "జర జరుగుండ్రి" అన్నది చీటి. కోళ్లగంప పట్టుకొని ఒక ముసలామె నా జాగాల కూసున్నది. "ప్లీజ్ మూవ్ ఎ లిటిల్" అన్న. "ఏందే పిల్లా, మా అవ్వను తిడ్తున్నవా?" అని లేచింది. రజియా నవ్వి నవ్వి కడ్డీకి తలకాయ కొట్టుకున్నది. కండక్టరు యాదగిరన్న వచ్చి సర్దిచెప్పిండు. సర్ది చెప్పి మాతోని, "నాకు గూడ ఒక చీటి రాయుండ్రి బిడ్డా. ముందలికి నడువుండ్రి అన్నది ఇంగ్లీషుల ఎట్లంటరు?" అన్నడు. రాసిచ్చినం. తెల్లారి బస్సుల ఎంత పెద్దగ అరిచిండనుకున్నవు, "మూవ్ ఫార్వర్డ్! మూవ్ ఫార్వర్డ్!" అని. ఏం ఆపదొచ్చిందో అని జనం గుంపుగ ముందలికి ఉరికిండ్రు. "గిదేందే, ఏండ్లసంది తెలుగుల మొత్తుకున్న, ఒక్కడు జరగలే. ఇంగ్లీషుల అంటే ఇంజను మీదికే పోతుండ్రు!" అన్నడు. గప్పటికెల్లి దినాం ఒక చీటి అడుగుతుండె.

మరి మాటలు ఎవరు చెప్పేది అంటవు. మా డిక్షనరీ ఇంగ్లీషు కాడికెల్లి తెలుగుకు వస్తది, తెలుగు కాడికెల్లి ఇంగ్లీషుకు పోదు. ఇగ సారు కాడికే పోయినం. నేను రాను అన్న, సిగ్గు. రజియా చెయ్యి పట్టి గుంజుకపోయింది. "సారూ, ఎగిలివారంగ అంటే ఇంగ్లీషుల ఏమంటరు?" సారు "అంటే?" అన్నడు. "తెల్లారబోయే ముందు సారూ, కోడి కూసే యాళ్ల." "బిఫోర్ డాన్" అని రాసిచ్చిండు. "బుగులు?" "ఫియర్" అన్నడు. నేను ఊకోలే. "ఫియర్ అంటే భయం సారూ. బుగులు వేరే. బాపు చీకటి పడినా చేనుకాడికెల్లి రాకుంటే అవ్వకు అయ్యేది బుగులు." సారు నవ్విండు. మొదటిసారి చూసిన ఆయన నవ్వుడు. "నీతోని వాదించుడు నాతోని కాదు. రేపు చెప్త" అన్నడు. తెల్లారి ఆయనే క్లాసు బయట నిలబడి, "డ్రెడ్. సరిపోతదా నీ అవ్వకు?" అన్నడు. సరిపోయింది. గట్ల గట్ల ఆయన జేబుల గూడ మా చీటీలు ఉంటుండె. ఇరవై ఏండ్లసంది ఇంగ్లీషు చెప్తున్న, నన్ను గీ మాటలు ఒక్కరు గూడ అడగలే అన్నడు. ఎవరడుగుతరు? అడగనిస్తేనే గద!

ఏడు తిరిగింది. మల్ల అదే హాలు. ఈసారి అంశం ముందుగాల చెప్పరు, చీటి తీయాలె, తీసినంక ఆలోచనకు రెండు నిమిషాలు. జూనియర్లు ముగ్గురు నా వెనక వరుసల కూసున్నరు. మల్లిక అని ఒక పిల్ల, నా కొంగు... కొంగు కాదు, ఓణీ అంచు పట్టుకొని, "అక్కా, నువ్వు ఆగకు అక్కా" అన్నది. అది నాతోని అన్నదా, దానితోని అది అనుకున్నదా, తెల్వది. ఆగితే వాళ్ల పేర్లు పోతయి.

చీటి తీస్తే, పల్లెకు రోడ్డు ముందా దవాఖాన ముందా అని వచ్చింది. నేను రోడ్డు అన్న. ఎందుకంటే మా అవ్వ ముచ్చట ఉంది గద. ఆమెకు జరమొచ్చి తెలివి తప్పితే మంచం మీద పండబెట్టి నలుగురు మోసుకపోయిండ్రు నకిరేకల్ దవాఖానకు. షురూ చేసిన. మంచం వచ్చింది, భుజం వచ్చింది, జరం వచ్చింది, ఎగిలివారంగ వచ్చింది, బుగులు వచ్చింది. అన్నీ చిన్నయే బిడ్డా. ఒక్కటి గూడ పొడుగుది లేదు. అన్నీ తీగె మీదికెల్లి దిగినయి, నా ఒంటికి కుట్టినయి. మంచం మోసుకుంట వాగు కాడికి వచ్చిన. ఆడ ఆగిన.

వాగు అన్న మాటకు చీటి రాసుకోలే.

మల్లిక మొఖం కనబడుతాంది. సారు పెన్ను పట్టుకొని తల వంచుకున్నడు. పోయిన ఏడు ఆగినట్టే నోరు తెరిచి ఉన్న. ఒక్క గడియ. గప్పుడు నాకు ఏమనిపించిందంటే, ఆ మాట లేకుంటే ఏమాయె? బట్ట తక్కువ పడితే చాచా ఏం చేసేది? అతుకు వేసేది. అతుకు కనబడకుంట. నేను గదే చేసిన. వానలల్లనే వచ్చే నీళ్లు, మా తొవ్వకు అడ్డం పడే నీళ్లు అన్న ఇంగ్లీషుల. అన్ని నాకొచ్చిన మాటలే. నలుగురు మొగోళ్లు రొమ్ము దాంక ఆ నీళ్లల్ల నిలబడి మంచం పైకి లేపిండ్రు అన్న. అవ్వ బతికింది, గని అందరికి గసుంటి నలుగురు ఉండరు, అందుకే రోడ్డు ముందు అన్న. గంట కొట్టిండ్రట. నాకు ఇనబడలే. చప్పట్లు ఇనబడ్డయి.

వచ్చి కూలబడ్డ. గొంతు అట్ట లెక్క ఎండిపోయింది. రజియా స్టీలు గ్లాసుతోని వచ్చింది. ఇయ్యలే. గ్లాసు వెనక పెట్టుకొని నా ముంగట నిలబడి అడిగింది, "ఆర్ యు థర్స్టీ?"

నాకు ఒకటేసారి నవ్వు, ఏడుపు. "యెస్" అన్న. "యెస్, రజియా. ఐ యామ్ వెరీ థర్స్టీ."

గప్పుడిచ్చింది నీళ్లు. గా నీళ్ల రుచి నేను మల్ల చూడలే. ఏడాదిసంది గుండెల మీదున్న బండ దిగినట్టు, నిమ్మలమయింది. ఎంత నిమ్మలమంటే, సారు వచ్చి ఏమో చెప్తుంటే నాకు ఎక్కలే. మల్లిక చెప్పింది తరువాత. ఆ ముగ్గురి పేర్లు, నాది, రజియాది, ఐదు రాసిండట. బహుమతి రెండోది వచ్చింది నాకు. మొదటిది ఎవరికొచ్చిందో యాదికి లేదు, ఉండాల్సిన అక్కెర గూడ లేదు.

సాయంత్రం నకిరేకల్ల దిగినం. చాచా కుర్చీ వేసుకొని, ఎక్కి, తీగె మీది గా చీటిని తన చేతులతోనే తీసిండు. ఏడాది ఎండకు పచ్చ ముక్క తెల్లగ ఎలిసిపోయింది. "ఫిట్టింగు బాగొచ్చిందా బేటీ?" అన్నడు. చేతులు పైకి లేపి కిందికి దించి చూపించిన. నవ్విండు. ఆయన పోయి చానేండ్లైంది. రజియా తిరుమలగిరిల టీచరు చేసి రిటైరైంది, ఇప్పుడు గూడ ఫోన్ల మొదటి మాట నాతోని ఇంగ్లీషులనే తిడ్తది.

తొంభైలల్ల నేను పాలమూరుల లెక్చరరుగ చేరినంక, క్లాసుల కిటికీకి అడ్డంగ తీగె కట్టిన. ప్రిన్సిపాలు, "ఏందమ్మా, బట్టలు ఆరేస్తరా?" అన్నడు. అవును సార్, పిల్లలే తొడుక్కుంటరు అన్న. నాయినలు పనికని బొంబాయి పోయిన పిల్లలు ఎక్కువుండిరి ఆడ. వాళ్ల మొదటి చీటీలల్ల ఏముండేదో చెప్పనా... వద్దు, అది ఇంకో దుఃఖం. గని దిగినయి. చాన చీటీలు దిగినయి.

మనసుకు పట్టించుకోకు బిడ్డా. నువ్వు మొద్దుదానివి కాదు. నీ మూడువేలు ఎటు పోవు, వాటికి మనుషులు దొరకలే, గంతే. సల్లగుండు. నీ నోరు నీకు అడ్డం రాకూడదు, నీకు అడ్డం వచ్చినోళ్లకే అది అడ్డం కావాలె.

ఇగ లే. గా పాత క్యాలెండరు తీసి చీటీలు కత్తిరించు. ఇయ్యాల అనబోయి అనలేకపోయిన మాట ఒకటి రాయి, కింద మనిషి పేరు రాయి. రేపు పొద్దుగూకేలోపల పోయి ఆ మనిషితోని అను. నీతోని హాస్టలుల ఉండే పిల్లలకు గూడ తలా ఒకటి ఇయ్యి. తీగె నేను కడ్త.

ముందుగాల ఒక గ్లాసెడు నీళ్లు తే, మాట్లాడి మాట్లాడి గొంతెండింది. ఆగు ఆగు. ఊకె తేకు. ఇంగ్లీషుల అడిగి తే.